ఎడమ తొడ కింది కుట్టు

జూన్ 3, 1924

కొత్త తోలు కారుతోంది.

నా వేటపడవ కయాక్‌కి నిన్నగాక మొన్న కుట్టిన సీల్ తోలు. పచ్చి వాసన కూడా పోలేదు. పొద్దున సముద్రంలో బయటి రాయి దాటి సీల్ కోసం కూర్చున్నాను. గాలి లేదు. నీళ్ళు కదలడం లేదు. ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. తెడ్డు అడ్డంగా ఆనించుకుని, బల్లెం అందుబాటులో పెట్టుకుని, కదలకుండా చూస్తున్నాను. సీల్ తల ఎత్తాలంటే మనిషి రాయిలా ఉండాలి కదా. ఉన్నట్టుండి పాదాలకి చల్లగా తగిలింది. తర్వాత పిక్కలు. ఆ తర్వాత ఎడమ తొడ. కయాక్ ఎడమకి ఒరుగుతున్నట్టు, నా కిందే సన్నబడిపోతున్నట్టు అనిపించింది. నీళ్ళు ఎక్కడ అయిపోయాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. నీళ్ళు దూరకుండా తొడుక్కునే నీటిచొక్కా అంచు, నేను కూర్చున్న గుంత చుట్టూ బిగించి కట్టి ఉంటుంది కాబట్టి లోపలికి తొంగిచూసే వీలు లేదు.

ఒడ్డుకి ఎలా వచ్చానో సరిగ్గా గుర్తులేదు. చొక్కా విప్పి లోపల చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. ఎండకి ఆరిపోయి ఉంటుంది.

జూన్ 5

గాలి బాగా వేసింది. మిగతావాళ్ళు ఒడ్డున కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే నేను వెళ్ళాను. అలలు భుజాల మీదుగా దాటిపోయాయి. రెండు సీల్స్ లాక్కొచ్చాను. లోపలికి చుక్క రాలేదు.

ఇప్పుడు అర్థమైంది. అలలు కొడితే తోలు బిగుస్తుంది. నీళ్ళు ఊరుకుంటే వదులవుతుంది. అదీ సంగతి.

జూన్ 6

గాలి లేదు. కారింది.

జూన్ 8, ఆదివారం

ప్రార్థన అయ్యాక నా భార్య రెజీనెతో చెప్పాను. ఆమె వెళ్ళి కయాక్‌ని బోర్లించి కుట్లన్నీ తడిమి వచ్చింది. ఏమీ లేదంది. నాకు ఒళ్ళు మండింది. సముద్రం మీద కూర్చునేది నేనా, తనా?

ఎక్కడ తడిగా ఉందో చూపించమంది. ఎడమ తొడ కింద, రెండో తోలూ మూడో తోలూ కలిసేచోటు అన్నాను. ఆమె మొహం మారిపోయింది. తోలు తడిగా ఉండగానే ఆడవాళ్ళంతా చట్రం చుట్టూ కూర్చుని ఒక్క రోజులో కుట్టేయాలి కాబట్టి ఎవరి పాలు ఏదో అందరికీ తెలుసు. ఆ పాలు అమాలియె అత్తయ్యది. మా నాన్నకి అక్క. నా మొదటి కయాక్ మొదలు నేను కూర్చున్న ప్రతి తోలూ ఆవిడ చెయ్యి పడిందే.

"అమాలియె అత్త కుట్టు కారిందని ఈ ఊళ్ళో ఎవరైనా అన్నారా ఇంతవరకు?" అంది రెజీనె.

"ఇప్పుడు నేనంటున్నాను."

ఆడలేక మద్దెల ఓడన్నాడట అని గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నాకు వినపడలేదనుకుంది. వినపడనట్టే ఉన్నాను.

మా నాన్నకి ఈ తంటాలు ఉండేవి కావు. ఆయన్ని సీల్ నీళ్ళలోకి లాగేసింది. బల్లెం తాడు చేతికి చుట్టుకుని. నేను చిన్నవాణ్ణి. మంచి ఎండ రోజు, అల కూడా లేదు. దాని గురించి ఇక్కడ రాయాల్సిన పని లేదు.

జూన్ 9

విషయం ఊరంతా పాకింది. కయాక్‌ని రెండు బండల మీదికి ఎత్తి లోపల నీళ్ళు పోశారు. ఆడవాళ్ళంతా కిందికి వంగి చూశారు. అత్తయ్య మోకాళ్ళ మీద కూర్చుని తన కుట్టు వెంట వేలు పోనిచ్చింది. నరంతో పేనిన దారం నీళ్ళు తాగి ఉబ్బి సూది కంతల్ని పూడ్చేసింది. ఒక్క చుక్క కూడా జారలేదు.

"బావా, దీనికి చెమట కూడా పట్టడం లేదు" అన్నాడు గెర్త్. రెజీనె తమ్ముడు. నోరు ఆగదు.

మనిషి బరువు పడితేనే కారుతుందన్నాను. వాడు వెంటనే నీళ్ళు గుమ్మరించి, అందులో దూరి, బయటి రాయి దాకా వెళ్ళి, అక్కడ పక్కకి పడిపోయి మళ్ళీ లేచే విద్యలన్నీ చూపించి వచ్చాడు. లోపల పొడి. వాడికి కండ లేదు, తోలుని నొక్కేంత బరువు లేడు అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు అత్తయ్య లేచి నిలబడి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అందరికీ వినపడేలా అంది: "నా కుట్టే అయ్యుంటుందిలే. కళ్ళు మునుపటిలా లేవు." మెడలోని సూదుల గొట్టం తీసి రెజీనె చేతిలో పెట్టింది. "ఇక నన్ను పిలవకండమ్మా."

అందరూ వెళ్ళిపోయాక కూడా రెజీనె ఆ గొట్టం పట్టుకుని అక్కడే నిలబడింది.

ఆవిడే ఒప్పుకుంది. నేనేమీ బలవంతపెట్టలేదు. కుట్టిన మనిషి కారుతుందని ఒప్పుకున్నాక ఇంక మాటేముంది?

జూన్ 10

రెజీనె ఆ చోటు విప్పి మళ్ళీ కుట్టింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

జూన్ 14

కారింది.

తొడ అదే, చోటు అదే. కుట్టు మాత్రం వేరు. రెజీనె కుట్టు కారిందని ఏ నోటితో చెప్పను? సీల్స్ కనపడలేదని చెప్పాను. నిజానికి ఒకటి కనపడింది. నా ఎదురుగానే లేచి, నన్ను చూసి, మునిగిపోయింది. చెయ్యి తెడ్డు మీంచి లేవలేదు. తెడ్డు వదిలితే బోల్తా పడతానని చేతికి తెలిసిపోయినట్టుంది.

జూన్ 15

మీవాళ్ళు కాఫీ మరీ ఎక్కువ తాగుతారు, అందుకే నరాలు పాడైపోతాయి అన్నాడు కొట్లో డేనిష్ దొర. అమ్మేది ఆయనే. అయినా ఎందుకు కాకూడదు? ఇవాళ్టినుంచి మానేశాను.

జూన్ 17

తల పగిలిపోతోంది. బయటి రాయి దాకా కూడా పోలేకపోయాను. ఆ చల్లదనం ఈసారి ముందే వచ్చింది. ఇంటికొచ్చి రెండు గిన్నెల కాఫీ తాగాను.

జూన్ 21

ఇవాళ టోబియాస్ చూశాడు.

ముందు టోబియాస్ సంగతి. కయాక్ గుంత వెనక కర్ర అడ్డంగా కట్టి, దానికి రెండువైపులా సీల్ తోలు బుడగలు గాలి ఊది తగిలించుకుని తిరిగే మనిషి ఈ ఊళ్ళో వాడొక్కడే. నేర్చుకునే పిల్లలకి కడతారు అవి. పెళ్ళయి పిల్లలున్నవాడికి కాదు. ఒక చలికాలం విందులో నేను వాడికి బుడగలయ్య అని పేరు పెట్టి పాట కట్టాను. "బుడగలయ్య వస్తున్నాడు, బాతులారా తప్పుకోండి" అని. చాలా బాగా కుదిరింది. ఇప్పటికీ పాడతారు.

ఇవాళ బయటి రాయి అవతల నేను కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నీళ్ళు తొడల మీదికి వచ్చేశాయి. కళ్ళు మూసుకుంటే పడవ తిరిగిపోతోంది, తెరిస్తే ఆకాశం కిందికి వచ్చేస్తోంది. మెడ కూడా తిప్పలేకపోయాను. అంతలో టక్కున చప్పుడైంది. ఎవరో తెడ్డుతో నా పడవ ముక్కు మీద కొట్టారు. అంతే. సముద్రం సముద్రంగా మారింది, రాయి ఎక్కడుండాలో అక్కడే ఉంది. పక్కన టోబియాస్.

"సీల్ కోసం చూస్తున్నా" అన్నాను.

వాడు తలూపాడు. కాసేపు పక్కనే ఉన్నాడు. తర్వాత తన బుడగ మీద చెయ్యి ఆనించి, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు. "నీళ్ళు ఎందాకా వచ్చాయి?"

"తొడల దాకా."

"నాకు నడుం దాకా వచ్చేవి."

ఒడ్డు చేరేదాకా వాడు నా పక్కనే తెడ్డు వేశాడు. 

అయితే వాడి కయాక్ కూడా కారేదన్నమాట. ఎవరు కుట్టారో.

జూన్ 22

గెర్త్‌తో మాటల మధ్య అన్నాను, టోబియాస్ పడవ కూడా కారేదట, అది ఎవరి చేతి కుట్టో ఊహించుకో అని. నేను పేరు చెప్పలేదు.

జూన్ 23

"టోబియాస్ కయాక్ వాళ్ళమ్మ కుట్టింది" అంది రెజీనె. "చచ్చిపోయేదాకా ఆవిడే కుట్టింది. నీకు తెలీదా?"

తెలుసు. తెలీదని కాదు. ఆ క్షణంలో గుర్తురాలేదు.

జూన్ 27

మళ్ళీ గాలి లేదు. ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని గాలానికి ముళ్ళచేపలు పట్టాను. మగదిక్కు లేని కొంపలో తినే చేప అది. తల ఎక్కువ, కూర తక్కువ. రెజీనె సీల్ మాంసం వండినట్టే శ్రద్ధగా ఉడికించి పెట్టింది. ఏమన్నా అంటే బాగుండేది.

ఒక గిన్నెలో కొంచెం అత్తయ్యకి పంపింది. కుట్టినవాళ్ళకే వేటలో వాటా వెళుతుంది. సూది పక్కన పెట్టాక ఆవిడ ఇంటికి మాంసం తీసుకెళ్ళే కారణం ఎవరికీ లేదు. కారణం లేకుండా తీసుకెళితే ఆవిడ తీసుకోదు. చేప తీసుకుంది కానీ ఊరికే ఉంచుకోలేదు, గిన్నె కడిగి, అందులో కొండ మీది తీపి కాడలు పెట్టి తిప్పి పంపింది.

జూలై 2

గెర్త్ కయాక్‌కి కొత్త తోలు కుట్టారు. ఆడవాళ్ళంతా చట్రం చుట్టూ చేరారు. అత్తయ్యని పిలవలేదు. అయినా ఎవరూ చెప్పకుండానే ఆవిడ కూర్చునే చోటు వదిలి అటూ ఇటూ కూర్చున్నారు. కాసేపటికి ఎవరో గమనించి జరిగారు. అత్తయ్య తన గుమ్మంలో కూర్చుని చూస్తోంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. వేళ్ళు ఊరికే కదులుతున్నాయి.

కుట్టడం అయ్యాక విందు. ఎండు చేపలు, సీల్ కొవ్వు, కాఫీ. కాఫీ కెటిల్ ముక్కు దగ్గర చిల్లు పడి కారుతోంది. "ఇది కూడా అమాలియె కుట్టిందా?" అన్నాడు గెర్త్. అందరూ పగలబడి నవ్వారు. కొత్త మాట కాదట అది. వారం రోజులుగా ఊళ్ళో ఏది కారినా అదే అంటున్నారట. చంటిపిల్ల గుడ్డలు తడిపినా అదే మాట.

నేనూ నవ్వాను. టోబియాస్ నవ్వలేదు. నా వైపు చూడనైనా లేదు. అయినా భుజాలు తడుముకున్నాను.

జూలై 3

నా కయాక్ కారడం లేదు.

జూలై 4

నిన్న అలా ఎందుకు రాశానో తెలీదు. తెల్లవారి మళ్ళీ వెళ్ళి చూసుకున్నాను. నీళ్ళు వచ్చాయి. చలికి తొడ బిగుసుకుపోయింది. ఒడ్డుకొచ్చి మేజోళ్ళు విప్పి బుగ్గకి ఆనించి చూశాను. వెచ్చగా, పొడిగా ఉన్నాయి. మరి చలి ఎక్కడిది? నా కాలు నాతో అబద్ధం ఆడుతోందా? నా కాలుని నమ్మకపోతే ఇంక దేన్ని నమ్మి సముద్రం మీద కూర్చోవాలి? బుర్ర పనిచేయడం లేదు.

జూలై 6, ఆదివారం

టోబియాస్ ఇంటికి వెళ్ళాను. తెడ్డుకి ఎముక ముక్క బిగించుకుంటున్నాడు. ఏదో మాట్లాడాలి కాబట్టి, ఆ బుడగలు నిజంగా పనికొస్తాయా అని అడిగాను. తెలియక అడిగినట్టు.

ఎగతాళి చేస్తాడనుకున్నాను. వాడు బుడగలు తెచ్చి ముందు పెట్టి, మామూలుగా చెప్పుకుంటూ పోయాడు. మరీ కిందికి కడితే నీళ్ళలో ఈడ్చుకుంటూ వస్తాయి, పక్కగాలి వేస్తే పడవని తిప్పేస్తాయి. మరీ పైకి కడితే అవి నీళ్ళని తాకేసరికే నువ్వు సగం మునిగి ఉంటావు. నీళ్ళని ముద్దుపెట్టుకున్నట్టుండాలి, అంతే. గుంత వెనకే కట్టాలి, లేకపోతే బల్లెం విసరలేవు. పెద్ద అలల్లో అవి ఉండకూడదు. అల ఒకదాన్ని ఎత్తేస్తే రెండోదానితో సహా నిన్ను బోర్లిస్తుంది.

"అయినా పడవని నిలబెట్టేది నడుమే కదా" అన్నాను.

"నడుమే. నడుం మరిచిపోయిన రోజున బుడగ గుర్తుపెట్టుకుంటుంది."

లేవబోతుంటే అన్నాడు: "ఒకటి చెప్పనా ఎనోకూ. నీ పాట వినీ వినీ నాకూ వచ్చేసింది. సముద్రం మీద ఒక్కణ్ణే ఉన్నప్పుడు అదే పాడుకుంటా. మనిషి గొంతు వినపడితే నీళ్ళు దిగిపోతాయి."

లేచి వచ్చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

జూలై 8

అమాలియె అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. వెంట్రుకలు గీకి, శుభ్రం చేసిన సీల్ తోలు చంకన పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది. గిన్నెలో ఏమీ లేదు.

తోలు ముందు పెట్టి, రెండు బుడగలు కుట్టి పెట్టమన్నాను.

"ఎవరికి?"

"నాకే."

తోలుని వేళ్ళతో నలిపి చూసింది. "నా కుట్లోంచి నీళ్ళే వస్తాయన్నావు. గాలి అంతకన్నా సన్నం కదరా. గాలి నిలుస్తుందా?"

"నీళ్ళు రాలేదు అత్తయ్యా."

"తెలుసు."

తెలుసట. ఆ రోజు కుట్టు మీద వేలు పెట్టినప్పుడే తెలుసట. అంతకుముందే తెలుసట. మరి అందరి ముందూ నీ కుట్టే అని ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. కోపంగానే అడిగాను. తప్పు నాదైనా కోపం నాకే వచ్చింది.

ఆవిడ తోలు మడిచి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. మా నాన్నకీ అంతేనట. ఎండ కాసి, గాలి ఆగితే కాళ్ళ మీద నీళ్ళు పారేవట. అక్కకి మాత్రం చెప్పుకునేవాడు. బుడగలు కుట్టిపెడతానంటే నవ్వేవాడు. పిల్లకాయనా నేను అనేవాడు.

"నాన్నని సీల్ లాగేసింది" అన్నాను.

"అందరం అలాగే చెప్పుకున్నాం. పడవ దొరికినప్పుడు చూసింది నేనే. బల్లెం దాని చోట్లోనే ఉంది. తాడు చుట్ట విప్పలేదురా." తోలుని మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. "తోలు పాడైందంటే నువ్వు ఒడ్డున ఉంటావనుకున్నాను. తలెత్తుకునే ఉంటావు. నా తల ఎలా ఉంటే నాకేం, ముసలిదాన్ని."

నేను ఏడ్చాను. ఇది నాకోసం రాసుకునేది కాబట్టి రాస్తున్నాను. ఆవిడ ఓదార్చలేదు. సూది ఇంట్లో లేదు, రెజీనె దగ్గరుంది, పట్రా అంది.

జూలై 9

గొట్టం ఎందుకని రెజీనె అడిగింది. చెప్పాను. మొత్తం చెప్పాను. తనే తీసుకెళ్ళి అత్తయ్య మెడలో వేసి వచ్చింది. రాత్రి భోజనం దగ్గర నా ముళ్ళచేపలో ముళ్ళు తీసి పెట్టింది.

జూలై 12

అత్తయ్య బుడగల్ని ఊరందరికీ కనపడేలా తన గుమ్మం ముందు కూర్చుని కుట్టింది. ఎవరికని అడిగినవాళ్ళకి జవాబు చెప్పలేదట. నేనే చెప్పాలని.

ఇవాళ గాలి లేదు. సముద్రం అద్దంలా ఉంది. కయాక్‌ని భుజాన వేసుకుని నీళ్ళ దగ్గరికి దిగాను. బుడగలు గుంత వెనక రెండువైపులా వేలాడుతున్నాయి. ఒడ్డున ఉన్నవాళ్ళు పనులు ఆపి చూశారు. తర్వాత గెర్త్ పాట ఎత్తుకున్నాడు. నా పాటే. బుడగలయ్య వస్తున్నాడు, బాతులారా తప్పుకోండి. నా పాట ఇంత ముతకగా ఉంటుందని నాకు తెలీదు. చివరిదాకా పాడనిచ్చాను.

అయ్యాక చెప్పాను. చాలా మాటలు తయారు చేసుకున్నాను కానీ ఇవే వచ్చాయి: "నా కయాక్ ఎప్పుడూ కారలేదు. భయంతో కారిందన్నాను. ఇవి అమాలియె అత్తయ్య కుట్టినవి. వీటిని నమ్ముకునే వెళుతున్నా."

గెర్త్ వచ్చి ఎడమ బుడగని బలంగా నొక్కాడు. చెవి ఆనించి విన్నాడు. ఇంకా బలంగా నొక్కాడు. తర్వాత నేను ఎక్కేదాకా కయాక్ పట్టుకుని నిలబడ్డాడు.

జూలై 15

ఈ మూడు రోజులూ వెళ్ళాను. మొదటి రెండు రోజులూ ఏమీ దొరకలేదు. బుడగలకి అలవాటు పడలేదు. కుడిది ఈడుస్తోంది.

ఇవాళ బయటి రాయి అవతల నీళ్ళు వచ్చాయి. పాదాలు, పిక్కలు, ఎడమ తొడ. అవి నీళ్ళు కావని తెలుసు. తెలిసినా వచ్చాయి. ఆకాశం కిందికి దిగుతుంటే చెయ్యి వెనక్కి పెట్టి బుడగని పట్టుకున్నాను. బొటనవేలికి అత్తయ్య కుట్టు తగిలింది. ఒక్కో పోటూ తడుముతూ కూర్చున్నాను. పాట కూడా పాడాను. నీళ్ళు నడుం దాకా రాలేదు. ఎంతసేపటికో సీల్ లేచింది. ఒక్క చెయ్యే తెడ్డు మీంచి లేచింది, బల్లెం విసరడానికి అది చాలింది.

సీల్ మాంసంలో వాటా తీసుకుని అత్తయ్య ఇంటికి నేనే వెళ్ళాను. ఈసారి కారణం ఉంది. ఆవిడ మాంసం లోపల పెట్టి వచ్చి, నన్ను వదిలేసి నేరుగా కయాక్ దగ్గరికి నడిచింది. కుడి బుడగని అటూ ఇటూ ఊపి చూసింది.

"ఇది కిందికి వేలాడుతోంది. కట్టు విప్పు, సరిచేస్తా" అంది. ఎడమదాన్ని కూడా చూసి అంది: "మీ నాన్న కొలతకి కుట్టేశాను. నువ్వు వాడంత బరువు లేవు."